మేజర్ సారు నల్ల ట్రంకుపెట్టె

అనంతపురంలో సారు వాళ్ళింటి నడవాలో ఒక నల్ల ఇనప ట్రంకుపెట్టె ఉండేది. మూతమీద తెల్లరంగుతో ఆయన పేరు, ‘టీ.ఏ.’ అక్షరాలతో మొదలయ్యే నంబరు, కింద పటాలం పేరు. ట్యూషన్‌కి పోయే పిల్లలమంతా ఆ పెట్టె పక్కనే చెప్పులు విడిచేవాళ్ళం. ఊరికి ఆయన లెక్కల లెక్చరరు. ఏడాదిలో రెండు నెలలు మాత్రం మిలిటరీ మనిషి. వేసవి సెలవులకి కాలేజీ మూస్తూనే ఆ పెట్టె రిక్షా ఎక్కేది, జూన్‌లో తిరిగొచ్చి అదే గోడకి ఆనుకునేది. వీధిలో అందరికీ ఆయన మేజర్ సారే. భుజం మీద రెండు చుక్కలున్న లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడూ మేజరే, నాలుగు సింహాల పక్కన ఒక చుక్క చేరి లెఫ్టినెంట్ కర్నల్ అయ్యాక కూడా మేజరే.

2025 మే నెలలో టెరిటోరియల్ ఆర్మీ పేరు పేపర్లలో వచ్చింది. 1948 నాటి నిబంధనల్లో 33వ నియమం కింద టీ.ఏ. అధికారులను, జవాన్లను పిలిపించుకునే అధికారం సైన్యాధిపతికి ఇచ్చారని, ఉన్న 32 ఇన్‌ఫంట్రీ బెటాలియన్లలో 14ని రంగంలోకి దింపుతారని వార్త. “ఇదేం సైన్యమప్పా, మనం వినలేదే” అన్నవాళ్ళు మా ఊళ్ళోనే ఎంతమందో. అప్పుడు నాకు ఆ పెట్టే గుర్తొచ్చింది.

టీ.ఏ. అంటే ప్రాదేశిక సైన్యం. 1920లో బ్రిటిష్ వాళ్ళు పెట్టిన ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్ దీనికి మూలం. స్వతంత్రం వచ్చాక 1948లో కొత్త చట్టం వచ్చింది, 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజాజీ దీన్ని లాంఛనంగా ప్రారంభించారు. ఏటా ఆ రోజే టీ.ఏ. దినం. ఇందులో చేరేవాడికి ముందు వేరే బతుకుదెరువు ఉండాలి. ఇది ఉద్యోగం కాదు, జీవనాధారం కాదు అని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. డ్యూటీ ఉన్నన్నాళ్ళు రెగ్యులర్ సైన్యంతో సమానమైన జీతం, సమానమైన శిక్షాస్మృతి. డ్యూటీ దిగిన రోజు నుంచి మిలిటరీ జీతం ఆగిపోతుంది, మళ్ళీ చాక్‌పీసు చేతికొస్తుంది. పిలిచి డ్యూటీలో పెట్టుకోవడాన్ని ఎంబాడిమెంట్ అంటారు, ఇంటికి పంపడాన్ని డిసెంబాడిమెంట్. టీ.ఏ. వాళ్ళ మాటల్లో ఈ రెండూ రోజుకి పదిసార్లు దొర్లుతాయి.

చాలామంది సారును ఎన్‌సీసీ ఆఫీసరనుకునేవాళ్ళు. అది వేరు. కాలేజీల్లో ఎన్‌సీసీ చూసే అధ్యాపకులు అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్లు. మగవాళ్ళు నాగపూర్ దగ్గర కాంప్టీలో, ఆడవాళ్ళు గ్వాలియర్‌లో శిక్షణ పొంది వస్తారు. కాలేజీవాళ్ళకి లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ హోదాలుంటాయి. హైస్కూలు అయ్యవార్లయితే థర్డ్ ఆఫీసర్ దగ్గర మొదలై చీఫ్ ఆఫీసర్ దాకా పోతారు. వాళ్ళు కేడెట్లను తయారుచేస్తారు, యుద్ధానికి పిలుపు రాదు. టీ.ఏ. ఆఫీసరుకి వస్తుంది. 1962, 1965, 1971లోనూ వచ్చింది, శ్రీలంకలో పవన్ ఆపరేషన్‌కీ వచ్చింది, కార్గిల్ అప్పుడూ వచ్చింది.

రైల్వే ఊరు గుంతకల్లులో టీ.ఏ. అంటే ఇంకో అర్థం ఉండేది. రైల్వే, చమురు సంస్థల వాళ్ళతో నడిచేవి డిపార్ట్‌మెంటల్ యూనిట్లు. రైలు నడిపేవాడు, పట్టాలు చూసేవాడు యూనిఫారం వేసుకుని అదే పని చేస్తాడు. 1974 రైల్వే సమ్మెలో వీళ్ళను దింపారు. సాటి కార్మికులు సమ్మెలో ఉంటే మిలిటరీ బట్టల్లో బండి నడపాల్సి రావడం ఎంత కష్టమో ఆ తరం వాళ్ళకే తెలుసు. 2021లో ఆరు రైల్వే రెజిమెంట్లలో అయిదింటిని రద్దుచేయాలని తేల్చారు. సికింద్రాబాదుది కూడా ఆ అయిదింట్లో ఉంది, జమాల్‌పూర్‌ది ఒక్కటే మిగిలింది.

సారు చేరింది ఇన్‌ఫంట్రీలో. మన వైపు వాళ్ళకి దగ్గరది సికింద్రాబాదులో ఉండే 125వ బెటాలియన్, గార్డ్స్ బ్రిగేడ్‌కి అనుబంధం. తిరుచ్చిలో 117, కోయంబత్తూరులో మద్రాసు రెజిమెంటుకి చెందిన 110 ఉన్నాయి. మీటర్‌గేజి రోజుల్లో సికింద్రాబాదు చేరాలంటే గుంతకల్లు, డోను, కర్నూలు, గద్వాల, మహబూబ్‌నగర్ మీదుగా ఒక రాత్రంతా పట్టేది. రైలుకి టికెట్ కొనరు, డబ్బులకి బదులు చెల్లే వారంట్ అనే కాగితం సైన్యం ఇస్తుంది. దాన్ని కౌంటర్‌లో ఇచ్చి టికెట్ తీసుకోవాలి. చిన్న స్టేషన్‌లో కొత్త గుమాస్తా ఉంటే వారంట్ అటూ ఇటూ తిప్పి చూసేలోపు బండి కదిలిపోతుంది. అందుకని సారు ఒకరోజు ముందే పోయి మార్పించుకునేవాళ్ళు.

ఇక ఆ పెట్టె సంగతి. అధికారి పని క్యాంపులో ఉంటుందని చూసేవాళ్ళకి అనిపిస్తుంది. రిజర్వు అధికారికి అసలు పని మిగతా పది నెలల్లో ఉంటుంది. పిలుపొచ్చిన రోజున పెట్టె, ఒళ్ళు, కాగితాలు మూడూ సిద్ధంగా ఉండాలి. రెగ్యులర్ ఆఫీసరుకి ఈ మూడూ చూడ్డానికి చుట్టూ ఒక పటాలం ఉంటుంది. అనంతపురంలో మిద్దె ఇంట్లో ఉన్నాయనకి ఎవరుంటారు?

మూత లోపలివైపు అట్టకి అంటించిన కాగితం మీద జాబితా ఉండేది. ఆలివ్‌గ్రీన్ యూనిఫారాలు మూడు జతలు, పీటీ బట్టలు రెండు, బూట్లు రెండు జతలు, మేజోళ్ళు ఆరు, బెల్టు, టోపీ, ర్యాంకు బిళ్ళలు, వాటర్‌బాటిల్, మెస్‌టిన్, గ్రౌండ్‌షీట్, దోమతెర, సూదిదారాల సంచి. ఆ సంచిని సైన్యంలో ‘హౌస్‌వైఫ్’ అంటారని చెబితే సారు భార్య, మా మేడమ్, నవ్వేవాళ్ళు. ప్రతి వస్తువు ఎదురుగా పెన్సిల్‌తో తేదీ, అంటే చివరిసారి తీసి చూసిన రోజు.

మన ఎండకి తోలు బతకదు. నెలల తరబడి పెట్టెలో పడున్న బూటు, వేళ్ళ వెనక మడతపడే చోట సన్నగా నెర్రెలిస్తుంది. పైకి పాలిష్ కొట్టి దాచేస్తే ఆ నెర్రె కనబడదు. క్యాంపులో మూడోరోజు పరుగులో అది నోరు తెరుస్తుంది. సారు పద్ధతి ఇది. తడిగుడ్డతో పాత పాలిష్, దుమ్ము తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పని చెడినట్టే. ఆరాక చేతివేలికి నాలుగు చుక్కల ఆముదం తీసుకుని మడతల దగ్గర మాత్రమే రుద్దాలి. ఎక్కువైతే తోలు మెత్తబడుతుంది గానీ పాలిష్ పట్టదు, ఎంత రుద్దినా మసక. లోపల నలిపిన న్యూస్‌పేపరు కుక్కి ఆకారం నిలబెట్టాలి. నెలకోసారి ఈ పని. క్యాంపుకి వారం ముందు నున్నని గుడ్డ వేలికి బిగించి చుట్టి, కొంచెం పాలిష్, ఒక నీటిచుక్క, ముక్కు మీద చిన్నచిన్న సున్నాలు చుడుతూ పోవాలి. మొదటి అరగంట ఏమీ కనబడదు. చాలామంది అక్కడే విసుగొచ్చి బ్రష్ అందుకుంటారు, బ్రష్ పడిందంటే ఆ పొర లేచిపోతుంది. గంట దాటాక బూటు ముక్కులో నడవా పైకప్పు దూలాలు కనిపించేవి.

ఇత్తడి బిళ్ళలు బ్రాసోతోనే తుడవాలి. మన ఇళ్ళల్లో చెంబులు చింతపండుతో తోముతాం కదా, ఒకసారి మేడమ్ మంచికే ఆ బిళ్ళలు అట్లా తోమిపెట్టారు. అప్పటికి తళతళా మెరిశాయి. రెండు రోజులకి ఎర్రబారాయి. పులుపు సందుల్లో నిలిచిపోయి లోహాన్ని తింటూనే ఉంటుంది. బట్టకి కుట్టిన గుండీలు తుడిచేటప్పుడు బ్రాసో బట్టకి అంటితే తెల్లమరక పోదు. అందుకే పాత పోస్టుకార్డుకి మధ్యలో సన్నని చీలిక కోసి, గుండీ కింద దూర్చి తుడిచేవాళ్ళు. మిలిటరీలో దీనికోసం ఇత్తడి పట్టీ ఒకటిస్తారు, కానీ పోస్టుకార్డు పారేసి కొత్తది తీసుకోవచ్చు.

బట్టలకి గంజి పెట్టి దాచకూడదు. ఇది కొత్తగా చేరినవాళ్ళందరూ చేసే తప్పు. ఇస్త్రీ మడతల్లో గంజి ఉంటే బొద్దింకలు, వెండిపురుగులు వెతుక్కుంటూ వస్తాయి. పది నెలల తర్వాత తీసి చూస్తే మడతల వెంట వరసగా చిల్లులుంటాయి. ఉతికి, గంజి లేకుండా ఆరేసి, పాత ధోవతిలో చుట్టి పెట్టాలి. కలరా ఉండలు బట్టని నేరుగా తగలకుండా చిన్న మూటకట్టి మూలలో పడేయాలి. గంజి బయల్దేరే ముందురోజే. పలచగా, వడకట్టిన గంజి. చిక్కగా పెడితే చంకల దగ్గర ఒరుసుకుని చర్మం లేస్తుంది.

ఒంటి సంగతి ఇంకా కష్టం. సారు కాలంలో సైన్యంలో శారీరక పరీక్షలు రెండు ఉండేవి. ఒకదాంట్లో 2.4 కిలోమీటర్ల పరుగు ఉండేది, 30 ఏళ్ళలోపు వాళ్ళు 9 నిమిషాల్లో ముగిస్తే ఎక్సలెంట్. రెండోది యుద్ధానికి ఒళ్ళు ఎంత సిద్ధంగా ఉందో చూసేది, దాన్ని బీపీఈటీ అనేవాళ్ళు. వీపున సరంజామా, చేతిలో రైఫిల్‌తో 5 కిలోమీటర్లు, 60 మీటర్ల వేగపు పరుగు, తాడు ఎక్కడం, 9 అడుగుల కందకం దూకడం. ఏప్రిల్‌లో క్యాంపు అంటే సారు సంక్రాంతి మర్నాడే మొదలుపెట్టేవాళ్ళు. తెల్లవారుజామున 5 గంటలకి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు. 400 మీటర్ల చుట్టు ఆరుసార్లు తిరిగితే సరిగ్గా 2.4 కిలోమీటర్లు. మొదటి రెండు వారాలు పరుగే లేదు, బూట్లతో నడక. మడమ దగ్గర మేజోడు లోపలివైపు పొడిసబ్బు రుద్దుకుంటే బొబ్బలు రావు. బూటు లోపల రెండు జతల మేజోళ్ళు, పలచనిది లోపల, మందంది బయట. ఆ తర్వాత సంచిలో ఇసుక, అయిదు కిలోలతో మొదలు, వారానికి కిలో చొప్పున పెంచడం. తొందరపడి ఒకేసారి పదికి పోతే మోకాలి కింద ముందెముక పట్టేస్తుంది, అది తగ్గడానికి నెల. కందకం కోసం ఊరిబయట ఎండిన వంకలో 9 అడుగులు టేపుతో కొలిచి సున్నంతో గీతలు గీశారు. చొక్కా నిక్కరుతో 9 అడుగులు ఎవడైనా దూకుతాడు. అప్పటి ఎస్ఎల్ఆర్ రైఫిల్ ఖాళీదే నాలుగు కిలోలు దాటుతుంది. దాన్ని ఎదకి అడ్డంగా పట్టుకుంటే చేతులు ఊపడానికి వీల్లేదు, ఊపు అంతా కాళ్ళ నుంచే రావాలి. అదే బరువుండే కట్టె ఒకటి చేయించుకుని దూకేవాళ్ళు.

పరుగు అయ్యాక ఇంటికొచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. క్యాంపుకి పోయేటప్పుడు సంచిలో చెనిక్కాయల ఉండలు తప్పనిసరి. బరువు తక్కువ, చెడిపోవు, పది నిమిషాల విరామంలో నోట్లో వేసుకోవచ్చు.

ఏడాది తర్వాత మొదటిసారి కాల్పులు సాధన చేసే రేంజికి పోయిన టీ.ఏ. మనిషికి ముందు పోయేది ట్రిగ్గరు మీద వేలు. కళ్ళు, భుజం త్వరగా గుర్తుచేసుకుంటాయి, వేలు మాత్రం లాగేస్తుంది. తూటా గురి తప్పుతుంది. అందుకే మొదట అయిదు రౌండ్లు గ్రూపింగ్‌కే. అయిదూ ఎక్కడ పడ్డా ఫరవాలేదు, ఒకే చోట పడాలి. చెల్లాచెదురుగా పడితే తప్పు మనిషిది. ఒకే చోట పడి గురికి పక్కకి ఉంటే తప్పు సైటుది, అంటే రైఫిల్ మీద గురిచూసే భాగానిది, దాన్ని జరపాలి. మనిషి తప్పు ఉండగానే సైటు జరిపితే ఆ రైఫిల్ ఇక రోజంతా దారికి రాదు. ఎస్ఎల్ఆర్‌లో గ్యాస్ రెగ్యులేటర్‌కి మసి పేరుకుంటే మొదటి రౌండు పేలుతుంది, ఖాళీ గుల్ల బయటికి రాక ఇరుక్కుంటుంది. ఎన్‌సీసీలో .303 రైఫిల్ తుడిచిన పిల్లలకి ఈ శ్రద్ధ సులువుగా వస్తుందనేవాళ్ళు సారు. ఆయన కూడా అక్కడే నేర్చుకున్నారు. బారెల్ లోపల శుభ్రం చేసే పుల్‌త్రూ తాడుకి కట్టే చిందీ, అంటే గుడ్డముక్క, తుడవడానికైతే 4 అంగుళాలు 2 అంగుళాలు, నూనె రాయడానికైతే 4 అంగుళాలు ఒకటిన్నర. వెడల్పు ఎక్కువైతే తాడు బారెల్‌లో తెగి ఇరుక్కుంటుంది, దాన్ని తీయడం ఆయుధశాల వాళ్ళ పని.

మ్యాపు రీడింగ్ అంటే ఆయనకి ప్రాణం. లెక్కల మనిషి కదా. 1:50,000 మ్యాపులో 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. మనమున్న చోటు తెలియకపోతే కనబడే రెండు గుర్తులకి బేరింగ్, అంటే ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీలో కంపాస్‌తో తీసుకుని, 180 కలిపో తీసేసో వెనక్కి గీతలు గీస్తే అవి కలిసే చోటే మన చోటు. బుక్కరాయసముద్రం దేవరకొండ ఒక గుర్తుగా, ఇంకో గుర్తు దానికి దూరంగా వెతికేవాళ్ళు. రెండు గుర్తుల మధ్య కోణం 30 డిగ్రీలకన్నా తక్కువుంటే గీతలు మరీ ఏటవాలుగా కలుస్తాయి, బేరింగ్‌లో ఒక్క డిగ్రీ తేడాకే మ్యాపు మీద చోటు ఎంతో దూరం జరిగిపోతుంది. అందుకే మూడో గుర్తు తప్పనిసరి. మూడు గీతలు ఒక చిన్న త్రికోణంలా కలిస్తే మంచిదే. త్రికోణం పెద్దదైతే, పక్కనెక్కడో ఇనుముండొచ్చు.

ఇక కాగితాలు. అందరూ అశ్రద్ధ చేసేవి ఇవే. ఎంబాడీ అయిన ప్రతి రోజు పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే సర్వీసు వివరాలు నమోదుచేసే ఉత్తర్వులో, ఎక్కాలి. ఎక్కని రోజు సర్వీసులో లేనట్టే. రెగ్యులర్ ఆఫీసరుకి సర్వీసు ఒకే దారంలా సాగుతుంది. టీ.ఏ. మనిషిది ముక్కలు ముక్కలు, ఇక్కడ ఎనిమిది నెలలు, అక్కడ రెండేళ్ళు, మధ్యలో కాలేజీ. పెన్షన్‌కి అధికారులకైతే ఎంబాడీ అయిన కాలం మొత్తం కలిపి 20 ఏళ్ళు నిండాలి, జేసీఓలకి (సుబేదారు లాంటి హోదాలవాళ్ళకి), జవాన్లకి 15. ఇరవై ఏళ్ళు యూనిఫారం వేసుకున్నవాడికి ఎంబాడిమెంట్ పదేళ్ళే ఉండొచ్చు. అప్పుడు పెన్షన్ లేదు. ఆ పెన్షన్ లేకపోతే మాజీ సైనికుడి గుర్తింపు కూడా చాలామందికి రాదు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోతే అక్కడ ఈ మాట చెప్పి పంపేస్తారు. కాశ్మీరులో కుప్వారా చలికి నిలబడి వచ్చినవాళ్ళు ఆ మెట్లు దిగుతుంటే చూడాలి. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

ఇటువైపు ఉద్యోగం కాగితాలు ఇంకో గోడు. ఎంబాడిమెంట్‌కి పోయేవాళ్ళను వెనక్కి తీసుకోవాలని, ముందున్న దానికన్నా తక్కువ షరతులు పెట్టకూడదని చట్టం చెబుతుంది. కానీ జీతం కుదరాలంటే లాస్ట్ పే సర్టిఫికెట్, అంటే చివరిగా తీసుకున్న జీతం ఎంతో చెప్పే పత్రం, సమయానికి రావాలి. ఒక కార్యాలయంలో అది ఏడు నెలలు ఫైలు కిందే ఉండిపోయింది. ఏడు నెలలు సారుకి ఇటు జీతం లేదు, అటు జీతం లేదు. అప్పటి నుంచి బయల్దేరడానికి నెల ముందే ఆ సర్టిఫికెట్ అడిగి, నకలు రెండు ట్రంకుపెట్టెలో, ఒకటి మేడమ్ చేతిలో పెట్టి పోయేవాళ్ళు. కమిషన్ గెజిట్ నకలు, మూవ్‌మెంట్ ఆర్డర్లు, పార్ట్ టూ ఆర్డర్లు తేదీ వరసలో ఒక ఆకుపచ్చ ఫైలు. ఒకసారి అందులోంచే ఆయన 41 రోజులు వెతికి పట్టుకున్నారు. ఆర్డరు వేశారు గానీ తేదీలో సంవత్సరం తప్పు పడింది. మూవ్‌మెంట్ ఆర్డర్ నకలు లేకపోతే ఆ 41 రోజులూ గాలికి పోయేవి.

ర్యాంకుల లెక్క ఆయన కాలంలో నిదానం. 2004 డిసెంబరు నుంచి మారింది. ఇప్పుడు రెండేళ్ళకి కెప్టెన్, ఆరేళ్ళకి మేజర్, పదమూడేళ్ళకి లెఫ్టినెంట్ కర్నల్, షరతులు నెరవేరితే. కర్నల్, బ్రిగేడియర్ మాత్రం ఎంపిక మీదే.

ఇప్పుడు చేరాలనుకునేవాళ్ళకి దారి ఇది. వయసు 18 నుంచి 42, డిగ్రీ, సొంత సంపాదన. సొంత వ్యాపారమైతే స్టాంపు కాగితం మీద ఆదాయం రాసి ప్రమాణపత్రం, ప్రభుత్వోద్యోగి అయితే శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం. దీన్ని చివరికి వదిలేసి తప్పిపోయేవాళ్ళు ఎక్కువ. రాతపరీక్షలో లెక్కలు, రీజనింగ్, జనరల్ నాలెడ్జి, ఇంగ్లీషు ఉంటాయి. ఒక్కోదాంట్లో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. ఆంధ్రవాళ్ళకి ప్రిలిమినరీ ఇంటర్వ్యూ పుణెలోని సదరన్ కమాండ్ టీ.ఏ. గ్రూపు చూస్తుంది. ఆ తర్వాత ఎస్ఎస్‌బీ, అంటే సైన్యాధికారులను ఎంపికచేసే బోర్డు పరీక్షలు, వైద్యపరీక్ష. ఖాళీలు ఇరవైలోపే ఉండే ఏళ్ళున్నాయి. ఇంటర్వ్యూకి పోయేవాళ్ళకి సారు ఒకే ప్రశ్న వేసేవాళ్ళు: “రెండు నెలలు నువ్వు లేకుంటే నీ పని ఎవరు చూస్తారప్పా? పేరు చెప్పు.” తమ్ముడనో, భాగస్వామి అనో తడుముకోకుండా చెప్పగలిగినవాణ్ణే ముందుకు పొమ్మనేవాళ్ళు.

2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో ఆడపిల్లలకి కూడా తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత ధర్మవరం వైపు నుంచి బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి సారు దగ్గరికి మ్యాపు రీడింగ్‌కి వచ్చేది. ఆయన అప్పటికి యూనిఫారం విడిచి చాలాకాలం. ట్రంకుపెట్టె తెరిచి, ధోవతి మూటలోంచి లిక్విడ్ ప్రిజ్మాటిక్ కంపాస్ తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె అక్కడే మూత తీసి సూది చూడబోయింది.

“ఈడ గాదమ్మా,” అన్నారు. “పెట్టె ఇనుము, పక్కన బీరువా ఇనుము, పైన మిద్దెలో కడ్డీలు. సూది అబద్ధం చెప్తాది. హైటెన్షన్ తీగలకి అరవై మీటర్లన్నా దూరం పోవల్ల. చేలోకి పోదాం రా.”

మేడమ్ గొడుగు అందించారు. ఆయన దాని ఇనప కమ్మీలకేసి ఒకసారి చూసి, గోడకి ఆనించి, తలకి తువ్వాలు చుట్టుకుని గేటు తీశారు.